లిమిట్ కొట్టిన రోజు మార్జిన్ కాల్

మార్జిన్ కాల్ వచ్చినవాడికి ఉండేవి రెండే దారులు. డబ్బు కట్టాలి, లేదా పొజిషన్ వదిలించుకోవాలి. ధర ఆ రోజు పరిమితిని తాకి అక్కడే బిగుసుకుపోతే రెండో దారి మూసుకుపోతుంది. అమ్ముతామనేవాళ్లు బారులు తీరి ఉంటారు, కొనేవాడు ఒక్కడూ కనిపించడు. ఫ్యూచర్స్ ఎక్స్ఛేంజీల్లో ధరల పరిమితుల మీద, మార్జిన్ల మీద తరాలుగా సాగుతున్న వాదనలన్నీ చివరికి ఈ ఇరుకు దగ్గరికే చేరతాయి. మన దగ్గర మాత్రం ఈ రెండింటినీ విడివిడిగా మాట్లాడుకోవడం అలవాటు. పరిమితి మార్కెట్‌ని కాపాడటానికి, మార్జిన్ బ్రోకర్ని కాపాడటానికి అనుకుంటాం. నిజానికి రెండూ ఒకే లెక్కలోవి. ఒకటి బిగిస్తే రెండోది ఎక్కడో కదులుతుంది.

ముందు లెక్క చూద్దాం. నిజామాబాద్ ప్రధాన కేంద్రంగా సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో నడిచే పసుపు కాంట్రాక్టులో ఒక లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. ఉదాహరణకి క్వింటా ధర 14,000 రూపాయలు, మార్జిన్ 12 శాతం అనుకుందాం. లాటు విలువ 7 లక్షలు, కొన్నవాడు ముందుగా కట్టేది 84 వేలు. మర్నాడు ధర 4 శాతం పడింది. 28 వేలు పోయాయి. ఇది కాగితం మీద నష్టం కాదు. రోజు ముగిసేసరికి ఎక్స్ఛేంజీ ముగింపు ధర కట్టి, ఓడినవాడి ఖాతాలోంచి తీసి గెలిచినవాడి ఖాతాలో వేస్తుంది. బ్రోకర్ల భాషలో ఇదే ఎంటీఎం. వరసగా మూడు రోజులు 4 శాతం చొప్పున పడితే పోయేది 80 వేల పైమాటే. సరుకు ధర తగ్గింది పన్నెండు శాతం లోపే, కట్టిన మార్జిన్ మాత్రం దాదాపు ఊడ్చుకుపోయింది. మూడో రోజు దాకా బ్రోకరు ఆగడు. మొదటి సాయంత్రమే ఫోన్ వస్తుంది, మర్నాటికి ఆ 28 వేలు నింపమని. నింపకపోతే బ్రోకరు దగ్గర రిస్క్ చూసే ఆర్‌ఎంఎస్ డెస్క్ పొజిషన్‌ని కోసేస్తుంది. ధర లిమిట్ దగ్గర లాక్ అయి ఉంటే ఆ కోసేసే ఆర్డరు కూడా వరసలో నిలబడాల్సిందే. లిమిట్ ధరకి ముందుగా ఎవరి ఆర్డరు పడిందో వారిది ముందు పోతుంది.

ధరకి వేసే కంచెలు రెండు రకాలు. ఒకటి రోజువారీ పరిమితి: నిన్నటి ముగింపు ధర నుంచి పైకి ఇంత శాతం, కిందికి ఇంత శాతం, ఆ హద్దు దాటి వ్యాపారం జరగదు. రెండోది ఆర్డరుకి వేసేది: ఇప్పుడు నడుస్తున్న ధరకి మరీ దూరంగా ఉన్న ఆర్డరుని టర్మినల్ తిప్పికొడుతుంది. మొదటిది మార్కెట్ మొత్తం పరుగెత్తినప్పుడు పనికొస్తుంది, రెండోది ఒకడి వేలు జారినప్పుడు. 2012 అక్టోబరు 5న ఎన్‌ఎస్‌ఈలో ఒక బ్రోకర్ సంస్థ నుంచి సుమారు 650 కోట్ల విలువైన 59 తప్పుడు ఆర్డర్లు పడి నిఫ్టీ క్షణాల్లో 15 శాతానికి పైగా కూలింది. అది ఫ్యూచర్స్ విభాగంలో జరిగింది కాదు, షేర్లలో జరిగింది. అయినా ఆర్డరు స్థాయిలో కంచె ఎందుకు కావాలో అంతకంటే స్పష్టంగా చూపిన ఉదంతం మన దేశంలో లేదు. ఈ రెండో రకం కంచె మీద పెద్దగా వాదన అక్కర్లేదు. ఉండాలి, బిగువుగా ఉండాలి. దాన్ని ఎవరు సడలించవచ్చన్నదే ప్రశ్న. దానికి జవాబు లండన్‌లో దొరుకుతుంది, అక్కడికి తర్వాత వద్దాం.

రోజువారీ పరిమితి సంగతి అంత తేలిక కాదు. చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 1865లోనే మార్జిన్‌ని నిబంధనగా రాసుకుంది. అవతలివాడు మాట తప్పితే ఎలా అన్న భయానికి అదే మందు. అంత మందు ఉండగా ధరకి కూడా హద్దు ఎందుకు? దీనికి తృప్తికరమైన సిద్ధాంతం 1986లో గానీ రాలేదు. మైకేల్ బ్రెన్నన్ అనే ఆర్థికవేత్త జర్నల్ ఆఫ్ ఫైనాన్షియల్ ఎకనామిక్స్‌లో రాసిన వ్యాసం సారాంశం ఇది: ఓడుతున్నవాడికి తన మొత్తం నష్టం ఎంతో ఒక్కసారే తెలిస్తే, కట్టిన మార్జిన్‌ని వదిలేసి పారిపోవడమే లాభం అనిపించవచ్చు. ధర లిమిట్ దగ్గర ఆగితే అసలు నష్టం ఎంతో వాడికి తెలియదు. ఈ పూటకి అడిగినంత కట్టి ఉండిపోతాడు. అంటే పరిమితి మార్జిన్‌కి కొంతవరకు ప్రత్యామ్నాయం. పరిమితి ఉంటే తక్కువ మార్జిన్‌తో బండి నడుస్తుంది.

ఆ వాదనలో ఓ చేదు ఉంది. పరిమితి పనిచేసేది ఓడేవాడి అజ్ఞానం మీద. అసలు ధర ఇంకెక్కడా కనిపించకపోతేనే అది నిలబడుతుంది. బ్రెన్నన్ కూడా ఈ మాట దాచలేదు. స్పాట్ ధర అందరికీ కనిపించే సరుకుల్లో పరిమితి వల్ల పెద్ద ప్రయోజనం ఉండదన్నాడు. పసుపు ధర మన యార్డుల్లోనే పుడుతుంది కాబట్టి పరిమితికి అక్కడ కాస్త అర్థం ఉంది. అదైనా నిజామాబాద్, ఈరోడ్, సాంగ్లీ రేట్లు మధ్యాహ్నానికల్లా వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ రోజుల్లో ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. ముడిచమురు, బంగారం విషయంలో ఏమీ మిగల్లేదు. న్యూయార్క్ ధర ప్రతివాడి ఫోన్లోనూ ఉంది. అందుకే ముంబైలోని సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్ ముడిచమురుకి మెట్లు పెట్టుకుంది: ముందు 4 శాతం, అది దాటితే ఆగకుండా 6, అదీ దాటితే పదిహేను నిమిషాల విరామం తర్వాత 9, అంతర్జాతీయ ధర ఇంకా ముందుకి పోతే మరో 3 శాతం చొప్పున సడలింపు. అంటే ఇక్కడి పరిమితి అక్కడి ధరకి కాపలాదారు కాదు, వెనక నడిచే బంటు.

పరిమితికి వ్యతిరేకంగా చెప్పే వాదనలు రెండు. ధర గీతకి దగ్గరవుతుంటే, తలుపు మూసేలోపు బయటపడాలన్న ఆత్రంలో అందరూ ఒక్కసారి తోసుకుని ఆ గీతని ఇంకా త్వరగా తాకిస్తారన్నది ఒకటి. దీన్ని అయస్కాంత ప్రభావం అంటారు. ఈ రోజు ఆపిన కుదుపు పోదు, రేపటికి, ఎల్లుండికి పాకుతుందన్నది రెండోది. టోక్యో షేర్ మార్కెట్ లెక్కలతో కిమ్, రీ అనే ఇద్దరు 1997లో చూపించింది ఈ రెండోదాన్నే. మొదటిదానికి రుజువులు అటూ ఇటూగా ఉన్నాయి. రెండోదాన్ని తోసిపుచ్చడం కష్టం.

సిద్ధాంతాన్ని పక్కనబెట్టి, జరిగినవి చూద్దాం. ఈ పదిహేను ఇరవై ఏళ్లలో మూడు ఘటనలు ఈ విషయాన్ని మూడు వైపుల నుంచి చీల్చి చూపించాయి.

మొదటిది 2008 మార్చి నాటి న్యూయార్క్ పత్తి. అక్కడ ఐసీఈ ఎక్స్ఛేంజీలో పత్తి ఫ్యూచర్స్‌కి రోజుకి పౌండుకి 3 సెంట్ల పరిమితి ఉండేది. ఆప్షన్లకి పరిమితి లేదు. ధర పైకి పరుగెత్తి ఫ్యూచర్స్ లాక్ అయ్యాయి. ఒక తూము మూస్తే నీళ్లు రెండో తూముకి పోయినట్టు వ్యాపారమంతా ఆప్షన్ల వైపు మళ్లింది. కాల్, పుట్ ధరల్ని కలిపి లెక్కిస్తే ఫ్యూచర్స్ ధర ఎంత ఉండాలో తేలిపోతుంది. అలా తేలిన ధర తెర మీద ఆగిపోయిన ధర కంటే చాలా పైన ఉంది. క్లియరింగ్ విభాగం మార్జిన్ ఏ ధరకి అడగాలి? అది అసలు ధరకే అడిగింది. లెక్క ప్రకారం అది సరైనదే. కానీ నలిగింది ఎవరు? జూదగాళ్లు కాదు. రైతుల దగ్గర పత్తి కొని, ధర పడిపోతే నష్టపోకుండా ఫ్యూచర్స్‌లో అమ్మి పెట్టుకున్న వ్యాపారులు. వాళ్ల గోదాముల్లో పత్తి ఉంది, చేతిలో నగదు లేదు. గోదాములో సరుకు విలువ పెరిగితే ఎవరూ సాయంత్రానికి డబ్బు ఇవ్వరు, ఫ్యూచర్స్‌లో నష్టం వస్తే మాత్రం రేపు పొద్దున్నే కట్టాలి. పైగా బయటి మార్కెట్లో పత్తికి ఆ ధర పలకనే లేదు. బ్యాంకులు ఇక ఇవ్వలేమన్నాయి. పొజిషన్లు వదిలించుకుందామంటే ఫ్యూచర్స్ లాక్. చాలామంది పై ధరకి కొని బయటపడ్డారు. తర్వాత ధర దిగింది. పాత పత్తి వ్యాపార సంస్థలు కొన్ని ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. అమెరికా నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ సిబ్బంది 2010లో నివేదిక ఇస్తూ ధరలతో ఎవరూ ఆడుకున్న ఆధారం లేదన్నారు. అంటే తప్పు మనిషిది కాదు, ఏర్పాటుది. వరంగల్, ఆదిలాబాద్ మార్కెట్లలో పత్తి కొని జిన్నింగ్ మిల్లు నడిపేవాళ్లు హెడ్జింగ్ అనే మాటని రక్షణ కవచంగా వింటుంటారు. ఆ కవచానికి రోజువారీ అద్దె ఉంటుందని, దాన్ని నగదులోనే కట్టాలని ఈ కథ చెబుతుంది.

రెండోది లండన్ నికెల్. లండన్ మెటల్ ఎక్స్ఛేంజీలో అప్పటిదాకా రోజువారీ పరిమితే లేదు. ఉన్నది ఆర్డరు కంచె, అంటే నడుస్తున్న ధరకి దూరంగా పడే ఆర్డర్లని తిప్పికొట్టే పట్టీ. ఉక్రెయిన్ మీద రష్యా దాడితో లోహాల ధరలు కదిలాయి. నికెల్ ధర పడుతుందని భారీగా అమ్మి పెట్టుకున్న చైనా ఉక్కు సంస్థ త్సింగ్‌షాన్, దాని బ్యాంకులు ఇరుక్కున్నాయి. 2022 మార్చి 7న టన్ను 48 వేల డాలర్ల దగ్గర ముగిసిన ధర, మర్నాడు తెల్లవారుజామున ఆసియా వేళల్లో లక్ష డాలర్లు దాటింది. ఆ గంటల్లో లండన్‌లో డ్యూటీలో ఉన్నది కింది స్థాయి సిబ్బంది. ఆర్డర్లు తిరిగొస్తున్నాయని వాళ్లు పట్టీని వెడల్పు చేశారు, చివరికి తీసేశారు. కంచె తీసేశాక ధర ఇంకా జోరందుకుంది. పెద్ద అధికారులకి విషయం చేరేసరికి గంటలు గడిచాయి. ఉదయం 8.15కి వ్యాపారం ఆపారు.

అప్పుడు తేలింది అసలు సమస్య. ఆ ధర ప్రకారం మార్జిన్ అడిగితే సభ్యుల నుంచి రావాల్సింది 1,900 కోట్ల డాలర్లకి పైనే. అంత అడిగితే కొందరు సభ్యులు చేతులెత్తేస్తారని ఎక్స్ఛేంజీ భయపడింది. అడగలేదు. దానికి బదులు ఆ రోజు జరిగిన లావాదేవీల్నే రద్దు చేసింది. ఆ రోజు పై ధరలకి అమ్మినవాళ్ల లాభం గాల్లో కలిసింది. ఎలియట్, జేన్ స్ట్రీట్ సంస్థలు కోర్టుకెక్కాయి. 2023లో లండన్ హైకోర్టు, 2024లో అప్పీలు కోర్టు ఎక్స్ఛేంజీకి ఆ అధికారం ఉందన్నాయి. చట్టం ప్రకారం ఉండవచ్చు. మార్జిన్ అడగలేక లావాదేవీనే చెరిపేసిన ఎక్స్ఛేంజీ మాట మీద తర్వాత ఎవరు నమ్మకంతో వ్యాపారం చేస్తారన్నది కోర్టు తేల్చే సంగతి కాదు. 2025 మార్చిలో బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ ఆ ఎక్స్ఛేంజీకి 92 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అక్కడ ఇప్పుడు రోజువారీ పరిమితి ఉంది. దాన్ని 2022 మార్చిలోనే హడావుడిగా తెచ్చారు.

మూడోది మన ముంబైలో జరిగింది. నా దృష్టిలో మూడింటిలోకీ అన్యాయమైంది ఇదే. 2020 ఏప్రిల్ 20 ఎంసీఎక్స్‌లో ముడిచమురు ఏప్రిల్ కాంట్రాక్టుకి ఆఖరి రోజు. లాక్‌డౌన్ వల్ల అప్పట్లో వ్యాపార వేళల్ని సాయంత్రం 5 గంటలకే ముగించేవారు. ఆ రోజు 5 గంటలకి చివరి ధర బ్యారెల్‌కి 965 రూపాయలు. కానీ ఈ కాంట్రాక్టు తుది ధర న్యూయార్క్‌లో తేలే ధరని బట్టి ఉంటుంది. అది తేలేది మన లెక్కన అర్ధరాత్రి. ఆ అర్ధరాత్రి అమెరికా చమురు చరిత్రలో తొలిసారి సున్నా కిందికి పోయి మైనస్ 37.63 డాలర్ల దగ్గర నిలిచింది. ఎంసీఎక్స్ ముందు తాత్కాలికంగా ఒక రూపాయి అంది, తర్వాత తుది ధర మైనస్ 2,884 రూపాయలని ప్రకటించింది.

ఒక లాటు 100 బ్యారెళ్లు. 5 గంటలకి ఒక లాటు మొత్తం విలువ 96,500 రూపాయలు. అప్పటి ధరకి కొని ఉంచుకున్నవాడికి అర్ధరాత్రికి వచ్చిన నష్టం 3,84,900. అంటే మొత్తం విలువకి నాలుగింతలు. నూటికి నూరు శాతం మార్జిన్ వసూలు చేసి ఉన్నా ఆ నష్టంలో నాలుగో వంతే చేతిలో ఉండేది. మరి 4, 6, 9 శాతం మెట్ల పరిమితి ఏమైంది? ఏమీ కాలేదు, చెక్కుచెదరలేదు. ఎందుకంటే అది ఆర్డర్లకి, లావాదేవీలకి మాత్రమే హద్దు. తుది సెటిల్‌మెంట్ ధర లావాదేవీ కాదు, అది కంచె మీదుగా దూకి వస్తుంది. ఆ ఏడు గంటల్లో ఇక్కడి మదుపరికి అమ్ముకునే దారి లేదు, నష్టం మాత్రం నడుస్తూనే ఉంది. ఆ న్యూయార్క్ కాంట్రాక్టు నడిపే చికాగో సంస్థ సీఎంఈ మాత్రం మైనస్ ధరలకి తన యంత్రాంగం సిద్ధంగా ఉందని ఏప్రిల్ తొలి రెండు వారాల్లోనే సభ్యులకి చెప్పింది. ఇక్కడ టర్మినల్‌లో అప్పట్లో సున్నా కిందికి ఆర్డరు పెట్టే వీలే లేదు. కొందరు బ్రోకర్లు కోర్టుకెళ్లారు. సున్నా దరిదాపుల్లో, సున్నా కింద ధరలకి వేరే రిస్క్ పద్ధతి అంటూ మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ సర్క్యులర్ ఇచ్చింది అదే ఏడాది సెప్టెంబరులో.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే కనిపించేది ఒకటే. పత్తిలో పరిమితి ఉంది, మార్జిన్ దాన్ని దాటి అడిగారు. నికెల్‌లో పరిమితి లేదు, మార్జిన్ అడగలేకపోయారు. చమురులో పరిమితీ ఉంది, మార్జినూ ఉంది, రెండూ వర్తించని చోట నష్టం పుట్టింది. పరిమితి నష్టాన్ని తగ్గించదు. అది ఎప్పుడు బయటపడాలో, ఎవరి మీద పడాలో మాత్రమే మారుస్తుంది. మార్కెట్‌నే మూసేయడం కూడా పరిమితి లాంటిదే. 1987 అక్టోబరులో ప్రపంచ మార్కెట్లు కూలినప్పుడు హాంకాంగ్ నాలుగు రోజులు తలుపులు మూసుకుంది. తెరిచిన రోజు హాంగ్‌సెంగ్ సూచీ 33 శాతం పడింది. ఫ్యూచర్స్‌కి హామీ ఉండాల్సిన సంస్థని 200 కోట్ల హాంకాంగ్ డాలర్లు సమకూర్చి ఆదుకోవాల్సి వచ్చింది.

మార్జిన్ వైపు కూడా ఒక ముల్లు ఉంది. ధరలు ఊగినప్పుడల్లా మార్జిన్ శాతం పెంచుతారు. పెంచగానే కట్టలేనివాళ్లు అమ్ముతారు, ఆ అమ్మకాలతో ధర ఇంకా ఊగుతుంది, మళ్లీ పెంచుతారు. బ్రునర్‌మెయర్, పెడర్సన్ 2009లో ఈ సుడిని సిద్ధాంతంగా రాశారు గానీ, వెండి వ్యాపారులు దాన్ని 1980లోనే చూశారు. హంట్ సోదరులు పోగేసిన వెండి జనవరిలో ఔన్సు 50 డాలర్ల దాకా వెళ్లింది. ఎక్స్ఛేంజీ నిబంధనలు బిగించాక మార్చి 27 నాటికి 11 డాలర్ల లోపుకి జారింది. హంట్‌లు మార్జిన్ కట్టలేకపోయారు. వాళ్ల మీద జాలిపడాల్సిన పని లేదు. కానీ గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు తక్కువ మార్జిన్ తీసుకుని, తుఫానులో రెట్టింపు అడగడం రిస్క్ నిర్వహణ అనిపించుకోదు. ఎంత మార్జిన్ తీసుకున్నా ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే తీసుకోవాలి. ఈ విషయంలో సెబీని మెచ్చుకోవాలి. ధరల ఊగిసలాటని బట్టి సరుకుల్ని వర్గాలు చేసి కనీస మార్జిన్ పెట్టింది. రోజు మధ్యలో యాదృచ్ఛికంగా తీసిన లెక్కల్లో ఎక్కువైనదాని ప్రకారం మార్జిన్ ఉండాలని 2020 డిసెంబరు నుంచి దశలవారీగా అమలు చేసింది. బ్రోకర్లు అరవని రోజు లేదు, వ్యాపారం తగ్గుతుందని. తగ్గాల్సిన వ్యాపారం కొంత ఉంది.

నా తీర్పు ఇది. ఆర్డరు కంచె బిగువుగా ఉండాలి, దాన్ని సడలించే అధికారం రాత్రి డ్యూటీ గుమాస్తాకి ఉండకూడదు. రోజువారీ పరిమితి మెట్లుమెట్లుగా సాగాలి, ఫ్యూచర్స్‌కీ ఆప్షన్లకీ ఒకేలా ఉండాలి. ధర పరిమితిని తాకిన రోజున మార్జిన్ ఏ ధరకి అడుగుతారో ముందే రాసి పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, అమ్ముకునే వీలు లేని గంటల్లో పుట్టిన ధరతో ఎవరి ఖాతానీ ముగించకూడదు. ఎక్స్ఛేంజీ ఒక దారి మూస్తే రెండో దారికి సమయం ఇవ్వాలి.

ఇక లాటు తీసుకునేవారికి ఒక మాట. మార్జిన్‌కి సరిపడా డబ్బుంటే చాలనుకోకండి. వరసగా రెండు రోజులు లిమిట్ కొడితే కట్టాల్సిన మొత్తం లెక్కగట్టి, అంత నగదు విడిగా పెట్టుకోలేకపోతే ఆ లాటు మీది కాదు. పసుపు రైతైనా, జిన్నింగ్ మిల్లు యజమానైనా, ఫోన్లో చమురు ఆడే కుర్రాడైనా లెక్క ఒకటే. ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా సంతకాలు పెట్టిన కాగితాలు ఒకసారి బయటికి తీయండి. మార్జిన్ తగ్గితే బ్రోకరు ఎన్ని గంటలు ఆగుతాడో, చెప్పకుండా కోసేసే హక్కు అతనికి ఉందో లేదో వాటిలో ఉంటుంది. కాంట్రాక్టు వివరాల్లో తుది సెటిల్‌మెంట్ ధర ఎలా కడతారన్న పేరా కూడా చదవండి. 2020లో ఆ పేరా చదివి ఉంటే చాలామంది ఆఖరి రోజు దాకా ఆగేవాళ్లు కాదు.